అర చుట్టు

ఆస్కార్ చేప మా బాత్‌టబ్‌లో కాపురం పెట్టి
ఇవాళ్టికి నాలుగో రోజు.
మిహిర దానికి సూపరింటెండెంట్ అని పేరు పెట్టింది,
తలుపు తీసిన ప్రతివాళ్ళనీ
ఎందుకొచ్చావన్నట్టు చూస్తుందని.
మేం ముగ్గురం వంటింటి సింకు దగ్గర
తడి తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుని
బడికొకరం, బస్ డిపోకొకరం, ఆసుపత్రి ల్యాబుకొకరం.

తప్పు చేపది కాదు.
పళ్ళ డాక్టరొకాయన రిటైరై
హెస్సెల్ రోడ్డులో ఇల్లు ఖాళీ చేస్తూ
ఆరడుగుల తొట్టి సగం ధరకిచ్చాడు.
అమెరికాలో చేయించిందట.
గాజు బాగుంది. అడుగున చిల్లు కూడా బాగుంది.
చిల్లులో బిగించే బల్క్‌హెడ్‌కే
నల్లటి మెడ మీద వెంట్రుకంత బీట.

"అంగుళం పైపుది," అన్నాను ప్లంబింగ్ దుకాణంలో.
"టాయిలెట్‌కా లవ్, వాషింగ్ మెషిన్‌కా?"
చేపకి అనడానికి
కాసేపు నీళ్ళు నమిలాను.
నా వెనక వరసలో సిమెంటు బూట్లవాళ్ళు ముగ్గురు
నవ్వకుండా చాలా మర్యాదగా నిలబడ్డారు.
ఇత్తడిది చూపించాడు. ఇత్తడి చేపకి పడదు.
తెల్ల ప్లాస్టిక్‌ది తెచ్చుకుని మర కలిపాను.
ఒక చుట్టు తిరిగింది. రెండు.
మూడో చుట్టు సగంలో పళ్ళు కరుచుకుని
ముందుకి పోదు, వెనక్కి రాదు.

అప్పుడు తెలిసింది
అంగుళమంటే అంగుళం కాదని.
స్కేలు పెడితే అంగుళంపావు దాటింది.
ఎప్పుడో, ఎవరో లోపలి బోలు కొలిచి పెట్టిన పేరు.
బోలు మారినా పేరు మార్చలేదు.
పైగా అంగుళానికి
ఇక్కడి మర పదకొండు చుట్లు,
అక్కడి మర పదకొండున్నర.

ఆ అర చుట్టు కోసం హల్ ఊరంతా తిరిగాను.
చెరువు చేపల సామాను అమ్మేవాడి దగ్గర
అంగుళంన్నర నుంచే మొదలు.
ఈతకొలను వాళ్ళు రెండంగుళాల లోపు ముట్టుకోరు.
అక్కడి నుంచే తెప్పిస్తే పద్దెనిమిది రోజులు.
టబ్బులో గాలి పంపు రాత్రంతా గొణుగుతోంది.

"దాని మీద ఇక నీళ్ళొదులుకో," అన్నాడు పినాకపాణి.
"వదిలితే ఆగట్లేదనే కదా," అంది మిహిర,
పుస్తకంలోంచి తలెత్తకుండానే.

చివరికి దారి చూపింది
ల్యాబులో నా పక్కన రక్తం గొట్టాలు సర్దే బ్రెండా.
వాళ్ళ మామ నోరిస్
ట్రాలర్లకి పైపులు బిగించి బిగించి
ఎనభై మూడేళ్ళకి ఒక షెడ్డు, నలభై బిస్కెట్ డబ్బాలు మిగుల్చుకున్నాడు.
నా విరిగిన ముక్క తీసుకుని
గోరు మర మీద పెట్టి,
కళ్ళు మూసుకుని, జారనిచ్చాడు.
పెదాలు లెక్కపెడుతున్నాయి.
"యాంకీ."
పై అరలోంచి ఒక డబ్బా దించాడు.
మూత మీద పెన్సిల్‌తో రాసుంది: మనవి కావు.

అందులో
ఏయే ఓడల నుంచి ఊడొచ్చినవో
బూడిదరంగువి, నీలంవి, ఒకటి ఎర్రది,
ఒకదానికీ ఇంకోదానికీ పొత్తు లేనివన్నీ
ఒకే నూనె వాసన వేస్తున్నాయి.
బూడిదరంగుదాన్ని చొక్కాకి తుడిచి ఇచ్చాడు.
"రబ్బరు నీళ్ళవైపు. చేత్తోనే బిగించు.
పానా తాకిందా, గాజు పోయింది."
ఎంతివ్వాలంటే
చేప ఫోటో అడిగాడు.
"కారితే చెప్పు," అన్నాడు గేటు దాకా వచ్చి.
"కారకపోయినా చెప్పు."

రాత్రి పదకొండింటికి తొట్టి నింపాం.
సూపరింటెండెంట్‌ని బకెట్లో మేడ దింపుతుంటే
పినాకపాణి చొక్కా తడిసి ముద్దైంది.
బల్క్‌హెడ్ కింద ఒక టిష్యూ కాగితం పరిచి
లైటార్పాను.

రెండింటికి లేచి చూశాను. నాలుగున్నరకి.
పొద్దున కాగితం పొడిగానే ఉంది,
ఒక అంచున
చిన్న ముడత తప్ప.
అది చుక్కదో,
రాత్రి తడిమి తడిమి చూసిన నా వేలిదో
నోరిస్‌కి ఏం చెప్పాలో
ఇంకా తేలలేదు.